సెర్చ్‌లోనూ ఏఐ జవాబుల్లోనూ మీ వీడియో కనబడాలంటే ఏం చేయాలి, ఎలా చేయాలి

సెర్చ్ ఇంజిన్ మీ వీడియోను మనిషి చూసినట్టు చూడదు. దానికి ముందుగా చేతికందేవి మాటలే. టైటిల్, డిస్క్రిప్షన్, సబ్‌టైటిల్ ఫైలు, వీడియో పెట్టిన పేజీలోని రాత, వీటిని బట్టే అందులో ఏముందో అంచనా వేస్తుంది. జెమినీ లాంటి మోడళ్లు ఇప్పుడు దృశ్యాన్ని కూడా అర్థం చేసుకుంటున్నాయి, నిజమే. అయినా ఒక ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు అక్షరాల్లో ఉన్నదే సులువుగా, ముందుగా దొరుకుతుంది. మీరు నోటితో చెప్పనిదీ, ఎక్కడా రాయనిదీ సెర్చ్ లెక్కలో దాదాపు లేనట్టే. అందుకే ఈ పని అప్‌లోడ్ బటన్ దగ్గర మొదలు కాదు, స్క్రిప్టు దగ్గరే మొదలవుతుంది.

చెప్పేది తేలిగ్గా పట్టుబడడానికి మొత్తం ఒకే ఉదాహరణ తీసుకుందాం: ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని తీయడం మీద ఐదారు నిమిషాల వీడియో.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరవండి, లేకపోతే మీ పాత అలవాట్లను బట్టి సూచనలు వస్తాయి. యూట్యూబ్ సెర్చ్ పెట్టెలో "ప్రింటర్‌లో కాగితం" అని టైపు చేసి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా అడిగే మాటలు, వాటిని యథాతథంగా రాసుకోండి. తర్వాత గూగుల్ ట్రెండ్స్‌కు వెళ్లి "వెబ్ సెర్చ్" అని ఉన్నచోట "యూట్యూబ్ సెర్చ్" ఎంచుకుని, ఒకే అర్థమున్న రెండు మూడు మాటల్లో దేన్ని ఎక్కువగా వెతుకుతున్నారో పోల్చండి. ఇప్పటికే ఛానెల్ నడుస్తుంటే యూట్యూబ్ అనలిటిక్స్‌లో ట్రాఫిక్ సోర్స్ కింద "యూట్యూబ్ సెర్చ్" నొక్కండి. ఏ మాటలు వెతికి మీ దగ్గరికి వచ్చారో అక్కడ వరసగా ఉంటాయి. ఇంతకు మించిన కీవర్డ్ టూల్ చాలామందికి అక్కర్లేదు.

అదే ప్రశ్నను మామూలు గూగుల్‌లోనూ వేసి చూడండి. మొదటి పేజీలో వీడియోలు కనిపిస్తున్నాయా? అస్సలు లేకపోతే ఆ ప్రశ్నకు జనం చదివే జవాబే కోరుకుంటున్నారని గూగుల్ అనుకుంటోంది. అలాంటి చోట వీడియో చేయకూడదని కాదు, గూగుల్ నుంచి వచ్చేవాళ్ల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఒక వీడియోకు ఒకే ప్రధాన ప్రశ్న. దాని చుట్టూ ఉండే పిల్ల ప్రశ్నలను మాత్రం వదలకండి. గూగుల్ ఏఐ మోడ్ (ఏఐతో జవాబిచ్చే సెర్చ్) లాంటివి అడిగిన ప్రశ్నను లోలోపల అనేక చిన్న ప్రశ్నలుగా విడగొట్టి ఒక్కోదానికి విడిగా వెతుకుతాయి. మన ఉదాహరణలో అవి ఇలా ఉంటాయి: కాగితం చిరిగి ముక్క లోపలే ఉండిపోతే? కాగితం లేకున్నా జామ్ అయిందని చూపిస్తుంటే? మళ్లీ మళ్లీ ఎందుకు ఇరుక్కుంటోంది? ఇలాంటివి మూడు నుంచి ఆరు చాలు. రేపు ఇవే మీ వీడియోలో ఛాప్టర్లు, అంటే పేరున్న విడి భాగాలు, అవుతాయి.

2. స్క్రిప్టు: చూపించేదాన్ని నోటితోనూ చెప్పండి

ఎక్కువ వీడియోలు దెబ్బతినేది ఇక్కడే. తెర మీద అంతా కనబడుతోంది కదా అని ఇలా మాట్లాడతారు:

"ఇదిగో, దీన్ని ఇలా తెరిచి, ఇక్కడ పట్టుకుని మెల్లగా ఇటు లాగండి. అంతే!"

చూసేవాడికి ఇది చక్కగా అర్థమవుతుంది. సబ్‌టైటిల్‌గా మారాక మాత్రం ఇందులో ప్రింటర్ లేదు, కాగితం లేదు, మూత లేదు. ఏ ప్రశ్నకూ ఇది జవాబు కాదు. అదే పనిని ఇలా చెప్పి చూడండి:

"ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ముందు ప్రింటర్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. వెనక మూత తెరిచి, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, అది మామూలుగా కదిలే దిశలోనే నెమ్మదిగా లాగండి. ఎదురు దిశలో లాగితే చిరిగి ముక్క లోపల ఉండిపోతుంది."

ఐదారు సెకన్లు ఎక్కువ పట్టింది. కానీ ఈ మాటలను వీడియోలోంచి విడదీసి ఎక్కడ పెట్టినా అర్థం చెడదు. ఏఐ జవాబుకు కావలసింది ఇలాంటి ముక్కలే: ముందూ వెనకా తెలియకపోయినా తనంతట తాను నిలబడేవి. కాబట్టి ప్రతి ఛాప్టర్ మొదటి వాక్యంలో వస్తువు పేరు మళ్లీ చెప్పండి. "ఇందాక చెప్పినట్టు", "పైన చూశాం కదా" అన్నవి తగ్గించండి. మోడల్ పేరు, కొలత, వెర్షన్ నంబరు తెర మీద రాసి ఊరుకోకుండా పలకండి.

అసలు జవాబు మొదటి 20, 30 సెకన్లలో వచ్చేయాలి. జవాబు ముందే చెప్పేస్తే జనం వెళ్లిపోతారన్న భయం చాలామందికి ఉంటుంది. ఒక్క వాక్యంలో జవాబు చెప్పి, ఎక్కడ పొరపాటు జరుగుతుందో వెంటనే ఎత్తుకుంటే ఆగేవాళ్లు ఆగుతారు. అరనిమిషం సంగీతం, లోగో, సబ్‌స్క్రైబ్ చేయమన్న వేడుకోలు చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పైగా వాటి వల్ల ట్రాన్స్‌క్రిప్టు (మాటల రాతప్రతి) మొదట్లో పనికొచ్చే మాట ఒక్కటీ ఉండదు.

తెర మీద వేసే అక్షరాలు కనీసం మూడు నాలుగు సెకన్లు నిలవనివ్వండి. జెమినీ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు జెమినీని వాడుకునే దారి) మామూలు సెట్టింగ్‌లో వీడియో నుంచి సెకనుకు ఒక్క ఫ్రేమ్ మాత్రమే తీసుకుంటుంది. అరసెకనులో మెరిసి మాయమయ్యే పాఠ్యం దానికి అందకపోవచ్చు. మనుషులకైనా అందదనుకోండి.

3. సబ్‌టైటిల్స్ మీరే సరిచేయండి

యూట్యూబ్ ఆటోమేటిక్ క్యాప్షన్లు మామూలు మాటలు బాగానే పట్టుకుంటాయి. తప్పేది పేర్ల దగ్గర, అంకెల దగ్గర, సాంకేతిక పదాల దగ్గర. సెర్చ్‌కు అవసరమైనవీ అవే. యూట్యూబ్ స్టూడియోలో "సబ్‌టైటిల్స్" విభాగం తెరిచి, ఆటోమేటిక్‌గా వచ్చినదాన్ని కాపీ చేసుకుని దిద్దండి. లేదా ఎస్‌ఆర్‌టీ ఫైలు (సమయాలతో ఉండే సబ్‌టైటిల్ ఫైలు) మీరే తయారు చేసి అప్‌లోడ్ చేయండి. దాని రూపం ఇంతే:

1
00:00:04,000 --> 00:00:07,500
ముందు ప్రింటర్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి.

2
00:00:07,600 --> 00:00:12,000
వెనక మూత తెరిచి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకోండి.

పైన వరస సంఖ్య, కింద సమయం, ఆ కింద మాటలు, తర్వాత ఒక ఖాళీ వరస. సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య ఎస్‌ఆర్‌టీలో కామా ఉంటుంది. వెబ్‌వీటీటీ అనే ఇంకో రకం ఫైలులో అయితే చుక్క. ఈ రెండూ కలగాపులగం చేస్తే ఫైలు తీసుకోకపోవచ్చు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి. వేరేది ఉంటే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు, పిచ్చిగీతలు వస్తాయి. స్క్రిప్టు చూసి చదివినవాళ్లు ఆ పాఠాన్నే అతికించి, టైమింగ్ యూట్యూబ్‌కు వదిలేయవచ్చు. ఆటో-సింక్ అనే ఈ సదుపాయం అన్ని భాషలకూ లేదు, మాట స్పష్టంగా లేని వీడియోల్లో సరిగా కుదరదు.

ఎడిటింగ్‌లో వీడియో మీదే అచ్చు వేసేసిన అక్షరాలు సబ్‌టైటిల్ ఫైలుకు బదులు కావు. అవి బొమ్మలో భాగం. రెండూ ఉంటే మంచిది, ఒక్కటే కుదిరితే ఫైలే పెట్టండి.

అప్‌లోడ్ పేజీలో "మరిన్ని చూపించు" కింద వీడియో భాష ఎంచుకోవడం మరవద్దు. తెలుగు వీడియోకు భాష ఇంగ్లీషు అని ఉండిపోవడం చాలా మామూలుగా కనిపించే తప్పు.

4. టైటిల్, డిస్క్రిప్షన్, ఛాప్టర్లు

టైటిల్‌కు యూట్యూబ్ ఇచ్చే హద్దు 100 అక్షరాలు. తెలుగులో ఇది అనుకున్నదానికంటే ముందే నిండిపోతుంది. గుణింతపు గుర్తులు, వత్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "ప్రింటర్" అన్నది కంటికి మూడు అక్షరాలే, కంప్యూటర్ లెక్కలో ఎనిమిది. ఫోన్లలో టైటిల్ మధ్యలోనే తెగిపోతుంది కాబట్టి జనం వెతికే మాట మొదటి సగంలోనే రావాలి. "ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే చిరగకుండా తీయడం ఎలా" అంటే చాలు. "ఈ ఒక్క ట్రిక్ తెలిస్తే షాక్ అవుతారు" అన్న టైటిల్ సిఫారసుల్లో ఒకటి రెండు రోజులు ఆడుతుందేమో, సెర్చ్‌లో మాత్రం దాన్ని ఎవరూ ఆ మాటలతో వెతకరు.

డిస్క్రిప్షన్‌లో 5,000 అక్షరాలు పడతాయి. "మరిన్ని" నొక్కకుండా కనిపించేవి మొదటి రెండు మూడు వరసలే కనుక వాటిలో జవాబు సారాంశం పెట్టండి, సోషల్ మీడియా లింకులు కాదు. తర్వాత 150 నుంచి 250 మాటల్లో వీడియోలో ఏముందో మామూలు వాక్యాలుగా రాయండి. ఏ రకం ప్రింటర్‌కు వర్తిస్తుంది, దేనికి వర్తించదు, ఏం జాగ్రత్త కావాలి (లేజర్ ప్రింటర్ లోపల వేడిగా ఉంటుంది, చల్లారాకే చేయి పెట్టాలి) లాంటివి. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతికేవాళ్లు ఎక్కువే. వాళ్ల కోసం టైటిల్‌ను ఆ లిపిలో ఒక్కసారి రాసి పెట్టండి. ఒక్కసారే. కీవర్డ్‌లను దండలా గుచ్చితే స్పామ్ కింద లెక్క.

ఛాప్టర్ల వరస ఇలా ఉంటుంది:

00:00 ఇరుక్కున్న కాగితం తీసే సరైన పద్ధతి
00:48 వెనక మూత తెరిచి కాగితం లాగడం
02:10 చిరిగిన ముక్క లోపల ఉండిపోతే
03:35 కాగితం లేకున్నా జామ్ అని చూపిస్తుంటే
05:05 మళ్లీ మళ్లీ ఇరుక్కోవడానికి కారణాలు

ఛాప్టర్లు రావడం లేదంటే నాలుగు విషయాలు చూడండి. మొదటిది 00:00తో మొదలు కావాలి. కనీసం మూడు ఉండాలి. ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. సమయాలు ఆరోహణ క్రమంలో ఉండాలి. "పరిచయం", "భాగం 1", "ముగింపు" అని పేర్లు పెడితే ఛాప్టర్లు వస్తాయి గానీ ఉపయోగం ఉండదు. గూగుల్ ఫలితాల్లో "కీలక క్షణాలు"గా కనిపించేవి ఇవే కాబట్టి పేరు చూడగానే ఏ ప్రశ్నకు జవాబో తెలియాలి.

ట్యాగ్‌ల గురించి ఎక్కువ ఆలోచించకండి. వాటి పాత్ర చాలా తక్కువని, జనం తరచూ తప్పుగా రాసే మాటలకు తప్ప పెద్దగా పనికిరావని యూట్యూబే చెబుతోంది. హ్యాష్‌ట్యాగ్‌లు రెండు మూడు చాలు. 60 దాటితే యూట్యూబ్ ఆ వీడియోలోని అన్నింటినీ పక్కన పెట్టేస్తుంది.

థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం) 1280 × 720 పిక్సెళ్లకు తగ్గకుండా చూసుకోండి. కుడివైపు కింది మూల ఖాళీగా వదలండి, వీడియో నిడివి చూపే చిన్న పెట్టె అక్కడే పడుతుంది. టైటిల్‌లోని మాటలే థంబ్‌నెయిల్ మీద మళ్లీ రాయకుండా పని జరిగే చోటును దగ్గరగా చూపించండి. యూట్యూబ్‌లో ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చే సదుపాయం ఉంది. అది విజేతను క్లిక్కులతో కాదు, చూసిన సమయంతో తేలుస్తుంది. మంచి పద్ధతే.

5. సొంత వెబ్‌సైట్ ఉంటే వీడియోకు ఒక పేజీ కేటాయించండి

యూట్యూబ్ ఒక్కటే వాడేవాళ్లు ఈ భాగం, దీని తర్వాతిది దాటేసి ఏడుకు వెళ్లవచ్చు.

పెద్ద వ్యాసం మధ్యలో వీడియో ఇరికిస్తే అది గూగుల్ వీడియోల ట్యాబ్‌లో కనిపించదు. 2023 డిసెంబరు నుంచి అక్కడ వీడియోయే ప్రధానంగా ఉన్న పేజీలనే చూపిస్తోంది. సెర్చ్ కన్సోల్ (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం)లోని వీడియో ఇండెక్సింగ్ రిపోర్టులో "వీడియో వాచ్ పేజీలో లేదు" అన్న కారణం కనిపిస్తే అర్థం ఇదే. ఒక వీడియో, ఒక పేజీ, దానికంటూ ఒక చిరునామా. పైన వీడియో, కింద క్లుప్త జవాబు, ఛాప్టర్లు, ఆ తర్వాత పూర్తి ట్రాన్స్‌క్రిప్టు. ట్రాన్స్‌క్రిప్టును ముద్దగా పోయకుండా ఛాప్టర్ పేర్లనే ఉపశీర్షికలుగా పెట్టి పేరాలుగా విడగొట్టండి. "ఆఁ", "అంటే ఏంటంటే" లాంటివి తీసేయండి.

ప్లేయర్ మరీ చిన్నదైనా, ఎత్తు 1080 పిక్సెళ్లు దాటినా, తెర పరిధి బయట ఉన్నా అదే రిపోర్టులో పట్టుబడుతుంది. ఇంకో మామూలు తప్పు: పేజీ వేగంగా తెరుచుకోవాలని మొదట బొమ్మ మాత్రమే చూపించి, నొక్కితేనే ప్లేయర్ వచ్చేట్టు చేయడం. పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రాం, అంటే గూగుల్ బాట్, దేన్నీ నొక్కదు, కాబట్టి దానికి అక్కడ వీడియో ఉన్నట్టే తెలియదు. స్క్రోల్ చేసి దగ్గరికి రాగానే తనంతట లోడ్ అయ్యే పద్ధతి వాడండి.

తర్వాత స్కీమా, అంటే పేజీలో ఏముందో సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే కోడు. "వీడియోఆబ్జెక్ట్" రకంలో గూగుల్ తప్పనిసరి అనేవి మూడే: పేరు, థంబ్‌నెయిల్ చిరునామా, అప్‌లోడ్ తేదీ. వివరణ, నిడివి, ఎంబెడ్ చిరునామా (వీడియోను పేజీలో పొదగడానికి వాడే లింకు) కూడా ఇవ్వండి. ఇందులో జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. నిడివిని ఐఎస్‌ఓ 8601 రూపంలో ఇవ్వాలి. 5 నిమిషాల 40 సెకన్లు అంటే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పీటీ5ఎం40ఎస్, "5:40" కాదు. తేదీకి టైమ్‌జోన్ జతచేయాలి. కంటెంట్ చిరునామా అన్నచోట అసలు వీడియో ఫైలు చిరునామా రావాలి, పేజీ చిరునామా కాదు. యూట్యూబ్ వీడియో అయితే ఆ గడి వదిలేసి ఎంబెడ్ చిరునామా ఒక్కటే ఇవ్వండి. థంబ్‌నెయిల్ చిరునామా రోజుకోలా మారకూడదు, రోబోట్స్ ఫైలులో (బాట్లు సైటులో ఎక్కడికి రావచ్చో చెప్పే robots.txt) అది మూసి ఉండకూడదు. స్కీమా రాశాక గూగుల్ రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో పేజీ చిరునామా వేసి చూస్తే తప్పులు అక్కడికక్కడే తెలుస్తాయి.

సొంత సర్వర్ మీద ఉన్న వీడియోకు ఛాప్టర్లు చూపాలంటే "క్లిప్" స్కీమాలో ఒక్కో భాగానికి పేరు, మొదలయ్యే సెకను, ఆ సెకనుకు తీసుకెళ్లే లింకు ఇవ్వాలి. హౌటూ, ఎఫ్‌ఏక్యూ స్కీమాల మీద మాత్రం శ్రమ పెట్టకండి. 2023లోనే గూగుల్ హౌటూ ఫలితాలను ఆపేసింది, ఎఫ్‌ఏక్యూను ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది.

6. ఏఐ బాట్లకు తలుపు తెరిచి ఉందా?

గూగుల్ ఏఐ జవాబుల కోసం వేరే స్కీమా గానీ, ఎల్‌ఎల్‌ఎమ్స్ ఫైలు (ఏఐ మోడళ్ల కోసం సైటులో పెట్టే llms.txt) గానీ అక్కర్లేదని గూగుల్ స్వయంగా చెప్పింది. పేజీ ఇండెక్స్ అయి (గూగుల్ జాబితాలో చేరి) ఉండాలి, స్నిపెట్ (ఫలితం కింద వచ్చే చిన్న సారాంశం) చూపించడానికి అనుమతి ఉండాలి. పేజీలో "నోస్నిపెట్" అన్న ఆదేశం పెడితే ఏఐ జవాబులోంచి కూడా తప్పుకున్నట్టే. ఏఐ జవాబుల్లో చోటు ఖాయం అంటూ ప్రత్యేక ఫైళ్లు, ప్యాకేజీలు అమ్మేవాళ్లను ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని వినండి.

రోబోట్స్ ఫైలులో ఎవరిని ఆపుతున్నారో ఒక్కో పేరూ చూసుకోండి. జీపీటీబాట్ శిక్షణ కోసం వచ్చేది, ఓఏఐ-సెర్చ్‌బాట్ చాట్‌జీపీటీ సెర్చ్ కోసం వచ్చేది. శిక్షణ ఇష్టం లేకపోతే మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని రానివ్వవచ్చు. గూగుల్-ఎక్స్‌టెండెడ్‌ను (గూగుల్ తన ఏఐ శిక్షణకు వాడే పేరు) ఆపినా గూగుల్ సెర్చ్‌లో మీ స్థానానికి ఏమీ కాదు. రోబోట్స్ ఫైలు బాగానే ఉన్నా సీడీఎన్ సేవ (సైటును వేగంగా అందించే మధ్యవర్తి సర్వర్లు) తన వైపు నుంచి ఏఐ బాట్లను ఆపేస్తూ ఉండవచ్చు, ఆ సెట్టింగ్ విడిగా చూడాలి.

ఏఐ బాట్లలో చాలావాటికి జావాస్క్రిప్ట్ (పేజీ తెరిచాక బ్రౌజర్‌లో నడిచే కోడు) నడిపే అలవాటు లేదు. మీ ట్రాన్స్‌క్రిప్టు జావాస్క్రిప్ట్ ద్వారా వచ్చి పడుతుంటే అవి ఖాళీ పేజీయే చూస్తాయి. పరీక్ష తేలిక: పేజీ తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కండి. వచ్చిన సోర్సులో ట్రాన్స్‌క్రిప్టు మధ్యలోని ఒక వాక్యాన్ని వెతకండి. దొరికితే సరే. మడిచి దాచిన పెట్టెలో ఉన్నా పర్వాలేదు, సోర్సులో ఉంటే చాలు.

7. ఫలితం చూసుకుని దిద్దడం

యూట్యూబ్ అనలిటిక్స్‌లో సెర్చ్ మాటలు, "ఎక్స్‌టర్నల్" కింద గూగుల్ నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. సొంత సైటు ఉన్నవాళ్లు సెర్చ్ కన్సోల్‌లో సెర్చ్ రకాన్ని "వీడియో"కు మార్చి చూడండి. ఏఐ ఓవర్‌వ్యూ (గూగుల్ ఫలితాల పైన వచ్చే ఏఐ సారాంశం), ఏఐ మోడ్ ద్వారా వచ్చిన క్లిక్కులు "వెబ్" రకంలోనే కలిసిపోయి ఉంటాయి. చాట్‌జీపీటీ మాత్రం తన లింకులకు యూటీఎం గుర్తు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే తోక) తగిలిస్తుంది కాబట్టి మీ సైటు అనలిటిక్స్‌లో సోర్స్ పేరుగా పట్టుబడుతుంది.

క్లిక్ లేకుండా పేరు మాత్రం వాడుకున్న సందర్భాలు ఈ రిపోర్టుల్లో విడిగా కనిపించవు, చేత్తో చూసుకోవలసిందే. మొదట రాసుకున్న పిల్ల ప్రశ్నలతో కలిపి పది పదిహేను ప్రశ్నల పట్టిక పెట్టుకోండి. నెలకోసారి లాగిన్ లేకుండా గూగుల్‌లోనూ, రెండు మూడు ఏఐ సేవల్లోనూ అడిగి, ఎవరి లింకు చూపారో రాసుకోండి. ఒకే ప్రశ్నకు పూట పూటకూ జవాబు మారుతుంది కనుక ఒక్కసారి రాలేదని కంగారు పడకండి. వరసగా మూడు నెలలు ఇంకెవరి లింకో వస్తుంటే ఆ పేజీ తెరవండి. మీరు చెప్పనిది అక్కడ ఒక వాక్యంలో తేటగా ఉంటుంది. తరచూ అది ఒక అంకో, ఒక షరతో, "ఇలా అయితే చేయొద్దు" అన్న హెచ్చరికో.

దిద్దేటప్పుడు ఒక పరిమితి గుర్తుంచుకోండి. టైటిల్, డిస్క్రిప్షన్, ఛాప్టర్లు, సబ్‌టైటిల్స్, థంబ్‌నెయిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వీడియో ఫైలును మాత్రం అదే లింకు మీద మార్చనివ్వదు యూట్యూబ్. స్టూడియో ఎడిటర్‌లో ఒక ముక్క కత్తిరించడం కుదురుతుంది. అప్పుడు వెనకాల ఛాప్టర్ సమయాలు జరుగుతాయి, వాటినీ సరిచేయాలి. వీడియోలో చెప్పిన విషయమే పాతబడితే కొత్తది తీసి, పాతదాని డిస్క్రిప్షన్ మొదటి వరసలోనూ ఎండ్ స్క్రీన్‌లోనూ కొత్తదాని లింకు ఇవ్వండి. పాతదాన్ని డిలీట్ చేస్తే దానికి బయటి నుంచి వచ్చిన లింకులన్నీ చచ్చిపోతాయి. టైటిల్ చివర అది ఏ వెర్షన్‌కు వర్తిస్తుందో రాసి ఉంచేయండి, పాత ప్రింటర్ వాడేవాళ్లు ఇంకా దానికోసమే వెతుకుతుంటారు.